చేపలకి గృహప్రవేశం చేసే మహానుభావులారా!

పోయిన నెల ఒక ఆదివారం మా ఆఫీసు కుర్రాడొకడు భోజనానికి పిలిచాడు. "అన్నా, కొత్త ట్యాంకు పెట్టాను, రావాల్సిందే" అన్నాడు. వెళ్ళాను. హాల్లో ఐదడుగుల గాజు ట్యాంకు, పైన నీలం లైట్లు, లోపల ఉప్పునీళ్ళు. అందులో రెండు క్లౌన్ చేపలు, ఒక బ్లూ టాంగు. నీమో, డోరీ అంటే చిన్నపిల్లలు కూడా గుర్తు పడతారు. నాలుగేళ్ళుగా మూడడుగుల ట్యాంకులో ఉన్న చేపల్ని ముందురోజే ఇందులోకి మార్చాడట. ట్యాంకు అంచుకి మామిడాకుల తోరణం కూడా కట్టారు. బిర్యానీ తింటూ అందరిదీ ఒకటే మాట. "పాపం ఇన్నాళ్ళూ ఇరుగ్గా ఉన్నాయి, ఇక హాయిగా ఉంటాయి."

నాకు మాత్రం హాయి ఏమీ కనపడలేదు. టాంగు ఒక మూల, పంపులోంచి నీళ్ళు వచ్చే చోట నిలబడి మొప్పలు గబగబా ఆడిస్తోంది. పక్కన ఇంకో మూడు కొత్త చేపలు, గృహప్రవేశం సందర్భంగా కొన్నవి. అడుగున ఇసుక పాతదే. "ఇసుక కడిగావా?" అని అడిగాను. "లేదన్నా, కడిగితే బ్యాక్టీరియా పోతుంది కదా, అలాగే వేసేశాం" అన్నాడు. ఈ రాత్రే సగం నీళ్ళు మార్చమని, కొత్త చేపల్ని షాపులో తిరిగి ఇచ్చేయమని చెప్పాను. "సెట్ అయిపోతుందిలే అన్నా" అన్నాడు.

బుధవారం ఫోను. టాంగు పోయింది. వాళ్ళ అత్తగారు దిష్టి తగిలిందన్నారట. షాపాయన "కొత్త నీళ్ళు పడలేదు సార్, ఇంకోటి తెప్పిస్తా" అన్నాడట. దిష్టి మాటే కాస్త నయం, అందులో ఇంకో చేప అమ్ముకునే ఆలోచన లేదు.

అసలు విషయానికొస్తాను. ఉప్పునీటి అక్వేరియం పెంచే మన సోదరుల్లో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. పెద్ద ట్యాంకు కొంటే పుణ్యమని, చేపలకి మనమేదో మేలు చేసేశామని. నేనంటాను, పెద్ద ట్యాంకు మేలూ కాదు, దయా కాదు. అది మనం ఎప్పుడో ఎగ్గొట్టిన బాకీ. నాలుగేళ్ళు ఆలస్యంగా బాకీ తీరుస్తూ, తీర్చే రోజున అప్పిచ్చినవాడి పీక పిసికి, పైగా భోజనాలు పెడుతున్నాం. ఈ మాట కఠినంగా ఉందంటారా? ఉండాలి. ఎందుకంటే 2018లో నేను చేసిందీ అచ్చంగా ఇదే.

బాకీ ఎలా మొదలవుతుంది

బ్లూ టాంగు షాపులో రెండంగుళాలు ఉంటుంది. అరచేతిలో ఇమిడిపోయే సైజు. పూర్తిగా పెరిగితే 30 సెంటీమీటర్లు, అంటే అడుగు. సరిగ్గా చూసుకుంటే పదేళ్ళకి పైగా బతకగలదు. ఒకచోట కూర్చునే రకం కాదు, రోజంతా ఈదుతూనే ఉంటుంది. దీన్ని తీసుకొచ్చి మూడడుగుల ట్యాంకులో వేస్తాం. పెరిగాక అటు మూడు బారలు, ఇటు మూడు బారలు, అంతే దాని ప్రపంచం. ఈ సంగతి మనకి తెలియక కాదు. ఎవడో ఒకడు చెప్పే ఉంటాడు. అప్పుడు మనం అనే మాట ఒకటుంది. "తర్వాత పెద్ద ట్యాంకు కొందాంలే."

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఈ వాక్యం ఎక్కడో విన్నట్టు ఉంటుంది. "ఇప్పటికి హార్డ్‌కోడ్ చేసేద్దాం, తర్వాత మారుద్దాం." ఆ "తర్వాత" అనేది ఏ క్యాలెండర్‌లోనూ ఉండదు. దీనికే మనవాళ్ళు టెక్నికల్ డెట్ అని మర్యాదైన పేరు పెట్టుకున్నారు. ఒక తేడా ఉంది. కోడ్‌లో చేసిన అప్పుకి వడ్డీ మనమే కడతాం, శనివారం రాత్రి ఆఫీసులో కూర్చుని. ట్యాంకులో చేసిన అప్పుకి వడ్డీ చేప కడుతుంది. అది కంప్లైంటు పెట్టదు, రిజైన్ చెయ్యదు. గాజుకి అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. మనం దాన్ని చూసి "యాక్టివ్‌గా ఉంది" అనుకుంటాం.

మా ఇంట్లో అలా తిరగడం మూడేళ్ళు చూశాను. పెళ్ళి, ఇంటి లోను, అమ్మాయి స్కూలు ఫీజు, ఒకదాని తర్వాత ఒకటి. అవన్నీ నిజమైన కారణాలే, కాదనను. కానీ ఆ టాంగుని కొన్నరోజు నా దగ్గర ట్యాంకుకి డబ్బుల్లేవు, చేపకి మాత్రం ఉన్నాయి. నేను ఆలోచించాల్సింది ఆ రోజు.

ఏం మారుస్తున్నామో తెలుసా?

ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్యాంకంటే సుమారు 540 లీటర్లు. నీళ్ళు, గాజు, రాళ్ళు, స్టాండు అన్నీ కలిపితే 750 కిలోలకి పైమాటే. అది నిలబడేది మీటరు కన్నా కాస్త తక్కువ చదరంలో. మన ఇళ్ళ శ్లాబులకి ప్రమాణాలు చెప్పే ఐఎస్ 875లో నివాస గదులకి లెక్క చదరపు మీటరుకి 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు. అలాగని పెట్టగానే శ్లాబు కూలుతుందని కాదు. గోడవారగా, బీము పక్కన పెట్టాలి, వీలైతే స్ట్రక్చరల్ ఇంజనీరుని అడగాలి. ఈ విషయంలో మాత్రం మనవాళ్ళు బుద్ధిమంతులు. బిల్డర్ని అడుగుతారు, కింది ఫ్లాటాయన్ని బతిమాలతారు, స్టాండుకి ఏ చెక్క బాగుంటుందో వారం రోజులు చర్చిస్తారు. ఇంతా చేసి ట్యాంకులో బతికేది ఏంటో మాత్రం అడగరు.

ట్యాంకులో బతికేవి చేపలు కదా అంటారా? చేపలు మనకి కనపడేవి. వాటిని బతికించేవి కనపడవు. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతుంది. తినగా మిగిలిన మేత కుళ్ళినా అమ్మోనియాయే. అది విషం. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా, ఇంకో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు కొంచెం ఉంటే చేప తట్టుకుంటుంది. సముద్రంలో ఈ పని చెయ్యడానికి సముద్రమంతా ఉంది. మన హాల్లో చెయ్యడానికి ఉన్నది ఆ నాలుగు రాళ్ళు, ఇసుక పైపొర, ఫిల్టరు స్పాంజి. ఈ సూక్ష్మజీవులు దేన్నో ఒకదాన్ని పట్టుకుని బతుకుతాయి. నీళ్ళలో తేలేవి బహు తక్కువ.

పెరుగు తోడుపెట్టే ఇంట్లో పుట్టినవాళ్ళకి ఇది అర్థం కాకపోవడమేంటో నాకు తెలీదు. తోడు పెరుగులో ఉంటుంది గానీ గిన్నె కడిగిన నీళ్ళలో ఉండదు. అయినా ప్రతివాడూ పాత నీళ్ళని డ్రమ్ముల్లో పట్టి, అమృతంలా మోసుకెళ్ళి కొత్త ట్యాంకులో పోస్తాడు. అందులో ఉండేది ముఖ్యంగా పాత నైట్రేటు. దాంతో చేపలకి పెద్ద హాని లేదు, అలవాటైన నీళ్ళు కాబట్టి ఆ రోజుకి కాస్త ఉపయోగమే. కానీ "బ్యాక్టీరియా కోసం" అంటేనే నాకు నవ్వొస్తుంది. పైగా ఇవి పాలు తోడుకున్నంత వేగంగా పెరగవు. రెట్టింపు కావడానికి చాలా గంటలు, ఒక్కోసారి రోజు కన్నా ఎక్కువే పడుతుంది. కొత్త ట్యాంకు మొదటినుంచి నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు అనేది అందుకే.

ఇక ఇసుక. పైపొర మంచిదే. కింద పొరల్లో ఏళ్ళ తరబడి మేత, మలం, చచ్చిన పురుగులు చేరి ఉంటాయి. గాలి అందని చోట ఇసుక నల్లబడుతుంది, కదిపితే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడుది. కదపనంతకాలం దాని మానాన అది ఉంటుంది. మగ్గుతో తోడి కొత్త ట్యాంకులో కుమ్మరిస్తే నాలుగేళ్ళ చెత్తని ఒక్క గంటలో నీళ్ళలో కలిపినట్టే. టెస్ట్ చెయ్యని పాత డేటాబేసుని, అందులోని చెత్తతో సహా, నేరుగా ప్రొడక్షన్లోకి ఎక్కించడమన్నమాట.

ఉప్పునీళ్ళకి ఇంకో తిరకాసు ఉంది. అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి బాగా విషం, ఒకటి అంత కాదు. పీహెచ్ 7 దగ్గర ఆ విషపు రూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. ఉప్పునీటి ట్యాంకులో పీహెచ్ 8.2 దగ్గర, మన ఎండలకి తగ్గ వేడిలో, నూటికి ఏడెనిమిది పాళ్ళు దాకా ఉంటుంది. అంటే మంచినీటి గోల్డ్ ఫిష్ ట్యాంకులో చెల్లిపోయే తప్పు ఇక్కడ చెల్లదు. దానికి తోడు ఉప్పునీళ్ళలో కరిగే ఆక్సిజన్ మంచినీళ్ళలో కన్నా దాదాపు ఐదో వంతు తక్కువ. "మా చిన్నప్పుడు సీసాలో ఫైటర్ చేపని పెంచాం" అనే అనుభవం ఇక్కడ పనికిరాదు.

నా ఆదివారం

2018లో నేనూ ఒక ఆదివారమే పెట్టుకున్నాను. పేరు అనవసరం గానీ, ఒక షాపు నుంచి ఇద్దరు కుర్రాళ్ళొచ్చారు. "మూడు గంటల పని సార్" అన్నారు. చేపల్ని పెయింటు బకెట్లలో వేసి మూతలు పెట్టారు. రాళ్ళు బాల్కనీలో గచ్చు మీద పెట్టారు. ఏప్రిల్ నెల, హైదరాబాదు ఎండ, పైన గుడ్డ కూడా కప్పలేదు. పాత ఇసుక మగ్గుతో తోడి కొత్తదాంట్లో పోశారు. నీళ్ళు చాలకపోతే క్యాన్లు తెప్పించి, ట్యాంకులోనే ఉప్పు కుమ్మరించి, చేత్తో కలిపారు. ఉప్పు పూర్తిగా కరగకముందే చేపలు లోపలికి వెళ్ళాయి. మూడు గంటలన్నది ఏడు గంటలైంది. నేనేం చేస్తున్నాను? ఫోటోలు తీస్తున్నాను.

మూతపెట్టిన బకెట్లో ఏడు గంటలంటే ఏం జరుగుతుందో నాకు తర్వాత తెలిసింది. చేప వదిలే కార్బన్ డయాక్సైడుతో బకెట్లో పీహెచ్ పడిపోతుంది. అమ్మోనియా పెరుగుతున్నా అంత విషం కాని రూపంలో ఉంటుంది. మూత తియ్యగానే కార్బన్ డయాక్సైడు పోతుంది, పీహెచ్ లేస్తుంది, పోగుపడిన అమ్మోనియా విషంగా మారుతుంది. సరిగ్గా ఆ సమయంలో మేము "మెల్లగా అలవాటు చేద్దాం" అని సన్న పైపుతో చుక్క చుక్కగా కొత్త నీళ్ళు పోస్తూ ఇంకో గంట అదే బకెట్లో ఉంచాం. మంచి ఉద్దేశమే.

రాత్రి పదకొండుకి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. అమ్మోనియా టెస్టు పసుపు రంగు రావాలి, ముదురు ఆకుపచ్చ వచ్చింది. షాపుకి ఫోను చేస్తే ఎత్తలేదు. మా ఆవిడా నేనూ తెల్లవారుజాము దాకా నీళ్ళు మార్చాం, మారుద్దామంటే కలిపి ఉంచిన ఉప్పునీళ్ళు ఎక్కడివి? ఇంట్లో ఉండే ఆర్వో మిషను గంటకి పన్నెండు పదిహేను లీటర్లు ఇస్తుంది. మంగళవారం టాంగు పోయింది. ఒళ్ళంతా తెల్లచుక్కలు, ఒత్తిడికి గురైన టాంగుకి ఈ రోగం చప్పున అంటుకుంటుంది. గురువారం పెద్ద క్లౌన్ పోయింది. క్లౌన్ చేపల జంటలో పెద్దది ఆడది. అది పోతే మగదే ఆడదిగా మారుతుంది, వాటి పద్ధతది. మిగిలిన మగది ఆ వారమంతా పాత ట్యాంకులో జంటగా పడుకునే పూలకుండీ పెంకు దగ్గరే ఉంది. పెంకు మాత్రం జాగ్రత్తగా తెచ్చాం లెండి.

మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. "నాన్నా, పెద్దిల్లు దానికి నచ్చలేదా?" అని అడిగింది. ఎనిమిది మంది రివ్యూ చేసిన డిజైన్ డాక్యుమెంటుకి కూడా నేనంత ఇబ్బంది పడే ప్రశ్న ఎదుర్కోలేదు.

అయితే ఎలా మార్చాలి

ఆఫీసులో ఏ సర్వరైనా మార్చేటప్పుడు మనం ఏం చేస్తామో అదే. పాతది నడుస్తుండగానే కొత్తది నిలబెట్టడం.

ముందు కొత్త ట్యాంకు పెట్టి వట్టి నీళ్ళతో వారం నడిపి కారుతోందేమో చూడండి. తర్వాత కొత్త ఇసుక, బాగా కడిగి వెయ్యండి. 540 లీటర్లకి, లీటరుకి 35 గ్రాముల లెక్కన, 18 కిలోల పైచిలుకు ఉప్పు పడుతుంది. మామూలు ఉప్పు కాదు, అక్వేరియం ఉప్పే. ఆర్వో నీళ్ళే పట్టడానికి దాదాపు రెండ్రోజులు పడుతుంది కాబట్టి "ఒక్క రోజులో మార్చేస్తాం" అన్నవాడిని నీళ్ళు ఎక్కడివని అడగండి. కొత్తగా వేసే రాళ్ళని నెలరోజుల ముందే కొన్ని పాత ట్యాంకులో పెట్టి ఉంచండి, తోడు అంటుకుంటుంది. పాత ఇసుక పైపొర ఒక గ్లాసుడు చాలు, మిగతాది మార్చాక పారెయ్యండి. కొత్త ట్యాంకులో కొంచెం మేత కుళ్ళనిచ్చి అమ్మోనియా, నైట్రైటు లేచి, మళ్ళీ సున్నాకి దిగేదాకా ఆగండి.

అప్పుడు రాళ్ళు, నీళ్ళలో ముంచి ఉంచిన తొట్టెల్లోనే తరలించాలి. ఎండనిస్తే చచ్చిన సూక్ష్మజీవులు కూడా అమ్మోనియాయే. ఉప్పు, వేడి రెండు ట్యాంకుల్లోనూ ఒకేలా ఉంటే చేపని వలతో తీసి బకెట్లో గంటలకొద్దీ పెట్టే పనే లేదు, ఐదు నిమిషాల్లో అటునుంచి ఇటు. పాత ట్యాంకుని ఖాళీ చెయ్యకుండా, ఒకటి రెండు రాళ్ళు ఉంచి ఇంకో రెండు వారాలు నడపండి. రోల్‌బ్యాక్ లేకుండా ప్రొడక్షన్లో చెయ్యి పెట్టేవాడిని మనం ఆఫీసులో ఏమంటామో ఇంట్లో మనల్ని మనం అదే అనుకోవాలి. ఆ రెండు వారాలూ మేత సగమే, టెస్టు రోజూ.

కొత్త చేపలు? కనీసం రెండు మూడు నెలలు వద్దు. అసలు ఇదే నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండే విషయం. ఇరుగ్గా ఉందని ఇల్లు మారి, మారిన రోజే చుట్టాల్ని శాశ్వతంగా దింపుకుంటే ఇరుకు తగ్గినట్టా?

"మేం ఒక్కరోజులో మార్చాం, అన్నీ బతికాయి"

ఈ మాట అనేవాళ్ళు ఉంటారు, నిజమే చెబుతున్నారు. రాళ్ళు తడిగా ఉంచి, కొత్త ఇసుక వేసి, నీళ్ళు రెండ్రోజుల ముందు కలిపి ఉంచుకుంటే ఒక్కరోజులో కూడా మార్చొచ్చు. ఇల్లు ఖాళీ చెయ్యాల్సిన వాళ్ళకి ఇంకో దారి కూడా లేదు. నా గొడవ రోజుల లెక్కతో కాదు. ఏది తీసుకెళ్ళాలో ఏది వదిలెయ్యాలో తెలియకుండా మార్చడంతో. "మాకేం కాలేదు" అనేది ఒక టెస్టు కేసు, అంతే. హెల్మెట్ లేకుండా ఇల్లు చేరినవాళ్ళు రోజూ లక్షలమంది ఉంటారు.

"ఎంత పెద్దదైతే అంత క్షేమం" అనేవాళ్ళకి ఒక ఉదాహరణ. అమెరికాలో అట్లాంటాలోని జార్జియా అక్వేరియం 2005లో తెరిచారు. అందులో వేల్ షార్క్‌లుండే ట్యాంకు సుమారు 63 లక్షల గ్యాలన్లు, మన లెక్కలో 2 కోట్ల 38 లక్షల లీటర్లు. పశువైద్యులు, ల్యాబులు, అన్నీ ఉన్నాయి. 2007లో అక్కడ రెండు వేల్ షార్క్‌లు చనిపోయాయి. ట్యాంకులో పరాన్నజీవుల కోసం వాడిన మందు వల్ల వాటి ఆకలి పోయిందేమోనని అనుమానించారు. లీటర్లు ఎక్కువుంటే తప్పు మెల్లగా బయటపడుతుంది, అంత వరకు నిజం. తప్పు చెయ్యకుండా లీటర్లు ఆపవు.

"అంత జాలి ఉంటే సముద్రంలో వదిలెయ్యొచ్చుగా?"

ఇది మా బావమరిది ప్రశ్న. కుదరదు. హైదరాబాదు నుంచి సముద్రం దూరమని కాదు. ట్యాంకులో ఎక్కడెక్కడి చేపలతోనో కలిసి బతికిన చేప ఎక్కడెక్కడి రోగాలో మోస్తుంది. మన వైపు సముద్రాల్లోని లయన్ ఫిష్ 1980లలో ఫ్లోరిడా దగ్గర కనపడింది. అక్వేరియాల నుంచి వదిలినవే కారణమని శాస్త్రవేత్తల అభిప్రాయం. ఇప్పుడు అది కరీబియన్ అంతటా పాకి అక్కడి చిన్నచేపల్ని మింగేస్తోంది. కాబట్టి తెచ్చుకున్న చేపని చివరిదాకా మనమే మొయ్యాలి. అందుకే బాకీ అన్నాను. బాకీకి వెనక్కి ఇచ్చెయ్యడం అనే ఆప్షన్ లేదు, తీర్చడమే.

ఆ చేప ఎక్కడినుంచి వచ్చిందో కూడా ఒకసారి గుర్తు చేసుకుందాం. క్లౌన్ చేపల్ని హేచరీల్లో పెంచుతున్నారు, మన దేశంలో కూడా సీఎంఎఫ్ఆర్ఐ ఆ పద్ధతులు అభివృద్ధి చేసింది. బ్లూ టాంగు అలా కాదు. మనుషుల చేతిలో పుట్టి పెరిగిన మొదటి బ్లూ టాంగులు 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ల్యాబులో వచ్చాయి. షాపుల్లో దొరికేవి ఇప్పటికీ ఎక్కువగా సముద్రంలో పట్టినవే. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి సైనైడు నీళ్ళు చిమ్మి చేపల్ని మత్తెక్కించి పట్టే పద్ధతి ఉంది, చట్టం ఒప్పుకోకపోయినా. చేప లేస్తుంది, పక్కనున్న పగడం చస్తుంది. మన దేశంలో 2001లోనే పగడాల్ని, సముద్రపు గుర్రాల్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ. అందుకే మా ట్యాంకులో రాళ్ళు సిమెంటువి. చేపలకి అంత అదృష్టం లేదు.

ఇదేం కొత్త కథ కాదు. 1850లలో ఇంగ్లండులో ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఇంట్లో సముద్రపు ట్యాంకు ఎలా పెట్టుకోవాలో పుస్తకాలు రాశాడు. దేశమంతా వెర్రెత్తిపోయింది. జనం బకెట్లు పట్టుకుని డెవన్ తీరం మీద పడ్డారు. తన తండ్రి ప్రేమగా వర్ణించిన ఆ రాతి మడుగుల్ని జనం ఎలా ఊడ్చేశారో ఆయన కొడుకు ఎడ్మండ్ 1907లో వచ్చిన తన పుస్తకంలో బాధగా రాశాడు. తండ్రికి సముద్రమంటే ప్రాణం. ప్రేమించడం వల్లే జరిగిందదంతా. మనం కూడా చేపలంటే ప్రేమ లేక చంపడం లేదు.

కాబట్టి నేనడిగేది పెద్దదేం కాదు. షాపులవాళ్ళు ధర రాసే చీటీ మీదే పెరిగాక చేప ఎంతవుతుందో రాయాలి. కొనేవాళ్ళు ఈరోజు ఇంట్లో ఉన్న ట్యాంకుకి సరిపోయే చేపనే కొనాలి, రాబోయే ట్యాంకుకి కాదు. రెండంగుళాల డోరీని చూసి పిల్లాడు ఏడిస్తే ఏడవనివ్వండి, మా అమ్మాయి ఏడుపు కన్నా అది చిన్నదే. ఇప్పటికే తెచ్చేసినవాళ్ళు పెద్ద ట్యాంకు పెట్టండి, తప్పకుండా పెట్టండి, కానీ నెల ముందునుంచి పెట్టండి. తోరణాలు, బిర్యానీలు మూడు నెలలయ్యాక, అందరూ బతికుంటే.

మా కుర్రాడు ఇది చదివి నొచ్చుకుంటాడని తెలుసు. నొచ్చుకున్నా సరే, షాపాయన తెప్పిస్తానన్న ఆ రెండో టాంగుని మాత్రం వద్దని చెప్పు తమ్ముడూ. ఆ ఐదడుగుల్లో ఉన్నవాటిని నిలబెట్టుకో చాలు.

ఇక మిగతావాళ్ళు నా మీద రాళ్ళు వెయ్యొచ్చు. ట్యాంకులోంచి తీసి వేసేటట్లయితే మాత్రం తడిగా ఉంచి వెయ్యండి, ఎండనివ్వకండి. పనికొస్తాయి.